చక్రము విడువని ఎలుక
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



వ్యాయామమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు కోరినప్పుడు ఇది సులభమైన పనియే యనుకొంటిని. వ్యాయామము మంచిదని చెప్పి కూర్చుండవచ్చును. మీరును చప్పట్లు చరచి ఫలహారములకు లేవవచ్చును. కాని నాలుగేండ్ల క్రిందట నాకు కలిగిన అనుభవ మొకటి అంత తేలికగా ముగింపనీయకున్నది.

ఇరువది యేండ్లుగా ప్రతిదినము తెల్లవారకముందే పరుగెత్తుట నా కలవాటు. ఒకనాడు మోకాలి క్రింది ఎముకలో సన్నని బీట కనబడినది. ఆరు వారములు పరుగు మాట తలపెట్టరాదని వైద్యుడు చెప్పెను. మూడవ దినమునుండి నాకు నిద్ర పట్టలేదు. ఆఫీసులో గుమాస్తాపై అకారణముగా కసరుకొంటిని. ఇంటిలో పిల్లలు నా గదివైపు వచ్చుట మానిరి. పదవనాడు వేకువను పిల్లివలె అడుగులు వేయుచు బయటపడి, రెండు మైళ్లు పరుగెత్తి, బూట్లు చేతబట్టుకొని తిరిగి వచ్చితిని. మా యావిడ గుమ్మములో నిలుచుండెను. “తాగి వచ్చేవాళ్లు కూడా ఇలాగే చెప్పులు చేత్తో పట్టుకొని వస్తారండీ” అని మాత్రము అన్నది. బీట కాస్త విరుగుడైనది. మూడు నెలలు పిండికట్టు. ఆ మంచముమీద పడియుండి చదివిన సంగతులే నేడు మీకు మనవి చేయుచున్నాను.

మన పెద్దలు లెక్కించిన సప్తవ్యసనములలో జూదము, మద్యముల సరసన వేటయు నున్నది. శాకుంతలము ద్వితీయాంకములో సేనాపతి, వేటవలన క్రొవ్వు కరగి దేహము తేలికపడునని పొగడి, దానిని వ్యసనమనుట తప్పని రాజుతో వాదించును. ఆ వ్యాజ్యము నేటికిని తెగలేదు. 1976లో విలియం గ్లాసర్ అను అమెరికను మనోవైద్యుడు పరుగువంటి అలవాట్లను మేలుచేయు వ్యసనములని ఒక గ్రంథమే వ్రాసెను. మూడేండ్లకు విలియం మోర్గన్ అను ఆచార్యుడు, గాయపడియు పరుగు మానలేనివారిని చూపి, ఇది కీడుచేయు వ్యసనము కూడ కాగలదనెను.

దీనిని మనుష్యులలో పరీక్షించుట కష్టము. 1970లో ఫలితములు ప్రకటించిన బేక్‌లాండ్ అను వైద్యుడు, వ్యాయామపరులచేత నెలదినములు వ్యాయామము మాన్పించి వారి నిద్రను పరిశీలింపదలచెను. దాదాపు ప్రతిదినము చేయువారు ఎంత డబ్బిచ్చెదనన్నను ఒప్పుకొనలేదు! వారమునకు మూడు నాలుగు దినములు చేయువారితో సరిపెట్టుకొనవలసి వచ్చినది. వారికే నిద్ర చెడినది. బాగుగా చిక్కుకొన్నవాడు పరీక్షకు చిక్కడన్నమాట. ఇట్టిచోట ఎలుకయే మనకు సాక్షి.

ఎలుకకు పతకము లేదు, పొరుగువారి మెప్పు లేదు. అయినను పంజరములో తిరుగుడు చక్రముంచినచో ఒక్క రాత్రిలో మైళ్లకొలది పరుగెత్తును. బందీయై విసుగుపుట్టి తిరుగుచున్నదేమో యని నేనును అనుకొంటిని. హాలండులోని లైడెన్ శాస్త్రజ్ఞులు తోటలోను ఇసుకదిబ్బలలోను చక్రములుంచి చూచి, 2014లో ఫలితములు ప్రకటించిరి. స్వేచ్ఛగా తిరుగు ఎలుకలు తమంతట తామే వచ్చి చక్రమెక్కినవి. ఎరగా ఉంచిన ఆహారమును తీసివేసిన తరువాతను ఎక్కినవి. కప్పలును, నత్తజాతి ప్రాణులును గూడ ఎక్కినవట!

ఇంతవరకు వినోదమే. 1967లో రౌటెన్‌బర్గ్, కుజ్నెసాఫ్ అను నిరువురు ప్రకటించిన ప్రయోగము అట్టిది కాదు. ఎలుకలకు దినమున కొక్క గంట మాత్రమే తిండి పెట్టిరి. చక్రము లేని ఎలుకలు ఆ గంటలోనే తినుట నేర్చుకొని బ్రతికినవి. చక్రమున్నవి దినదినము ఎక్కువ పరుగెత్తి, పెట్టిన గంటలోనైనను తక్కువ తిని, చిక్కి శల్యమై, ఆపనివాని ప్రాణము పోవునంతవరకు పరుగెత్తినవి. ఈ భాగము చదివి నేను పుస్తకము మూసి చాలసేపు ఊరకుంటిని.

మరి మాన్పించిన నేమగును? అమెరికాలో గార్లెండ్ అను శాస్త్రజ్ఞుడు 1993 మొదలుకొని తరతరములుగా ఎక్కువ పరుగెత్తు చిట్టెలుకలనే ఏరి పెంచెను. అవి సామాన్యపు చిట్టెలుకలకంటె రెండున్నర, మూడు రెట్లు పరుగెత్తునట్టి వంశములైనవి. వానిని కొన్నాళ్లు పరుగెత్తనిచ్చి, తరువాత చక్రమును అడ్డగించి, మెదడును పరీక్షించిరి. మత్తుమందు అలవాటైన ప్రాణి దానికొరకు అల్లాడునప్పుడు చురుకుగా నుండు భాగములే వీనియందును చురుకుగా కనబడినవని 2003లో ప్రకటించిరి. పరుగెత్తుచున్నప్పటికంటె ఆపబడినప్పుడే ఆ సంచలన మెక్కువ.

టఫ్ట్స్ విశ్వవిద్యాలయమున కానరెక్ బృందము 2009లో ప్రకటించిన పని మరింత సూటియైనది. నల్లమందు అలవాటైనవానికి నాలోక్సోన్ అను మందు ఎక్కించినచో, మెదడులో నల్లమందు పట్టిన స్థానములను అది ఆక్రమించును. మానినవాని బాధలన్నియు నిమిషములలో పైబడును. ఆ మందునే చక్రపు టెలుకల కెక్కించిరి. అవి వణకినవి, పండ్లు పటపటలాడించినవి, మెలికలు తిరిగినవి, కనురెప్పలు వ్రాల్చినవి. ఏ నల్లమందును ముట్టని ఎలుకలవి! పరుగువలన దేహము తనలో తానే తయారుచేసికొను నల్లమందువంటి పదార్థములకు అవి లోబడెనని పరిశోధకులు తలచిరి. ఎంత పరుగో అంత బాధ. అందరికంటె ఎక్కువ బాధపడినవి, పరుగుతోపాటు తిండియు తగ్గినవి.

ఇది విని రేపటినుండి నడక మానెదమని ఎవరైనను సంతోషించినచో నా అపరాధము కాదు. ఆకలిగొన్న ఎలుకయు, ఏరి పెంచిన చిట్టెలుకయు మన కిరుగుపొరుగువారు కారు. 2013లో అమెరికను మనోవైద్యులు తమ రోగనిర్ణయ గ్రంథమున జూదమును వ్యసనములలో చేర్చిరి గాని వ్యాయామమును చేర్చలేదు. అది సబబే యని నా తలంపు. నాకు భయము కలిగించునది వేరు. మన ఇండ్లలో ఎదుగు పిల్లలు, విశేషించి ఆడపిల్లలు, తిండి తగ్గించి వ్యాయామము పెంచుచున్నప్పుడు మనము క్రమశిక్షణ యని మెచ్చుకొనుచున్నాము. 1967 నాటి చక్రములో నున్నవి ఆ రెండే గదా. అట్టి బిడ్డకు ఒక పూట ఆట ఆపిన చిరాకు వచ్చుచున్నదో, ఏడుపు వచ్చుచున్నదో తల్లిదండ్రులు గమనింపవలెను. అవసరమైన వైద్యుని చూపవలెను.

నా సంగతి యందురా? మరల పరుగెత్తుచున్నాను. వారమునకు రెండు దినములు మాత్రము బూట్లను మా యావిడ బీరువాలో పెట్టి తాళము వేయును. తాళపుచెవి ఎక్కడ నుంచునో నాకు తెలియును. ఇంతవరకు తీయలేదు.