మన గడపలోకి వచ్చే డాక్టరు పిల్లలు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డాక్టరు చదివే పిల్లలు ముసలివాళ్ళ బాగోగులు ఎక్కడ నేర్చుకుంటారు? చాలాకాలం ఆస్పత్రి మంచం పక్కనే. 1946లో గుంటూరు వైద్య కళాశాల పెట్టిన నాటినుంచి మన పల్నాటి రోగే అక్కడికి బస్సెక్కాడు. అసలు వృద్ధులకు వేరే వైద్యం ఉండాలన్న ఆలోచనే మనకు ఆలస్యంగా వచ్చింది. మద్రాసులో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ గారు 1978లో విడిగా ఓ.పి. ప్రారంభిస్తే, అక్కడే ఎం.డి. కోర్సు 1996లో గాని రాలేదు.

ఇప్పుడు జాతీయ వైద్య కమిషన్ నియమం ప్రకారం 2022 నుంచి ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు మొదటి సంవత్సరంలోనే పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, చదువు సాగినంతకాలం చూస్తూ ఉండాలి. మంచి ఏర్పాటే. రిజిస్టరు నింపుకుని వెళ్ళిపోతే మాత్రం ఎవరికీ ఉపయోగం లేదు.

ఇంట్లో కూర్చుంటేనే కొన్ని కనబడతాయి. షుగరు మాత్రలు, బి.పి. మాత్రలు ఒకే డబ్బాలో కలిసి ఉంటాయి. మరుగుదొడ్డి పెరట్లో, దారిలో దీపం ఉండదు. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బి.పి. చూస్తే కళ్ళు ఎందుకు తిరుగుతున్నాయో తెలియవచ్చు. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోడానికి 12 సెకన్లు పడితే జారిపడే ప్రమాదం ఉందని లెక్క. దీనికి గడియారం చాలు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో పనిచేసినవాడి దగ్గునూ, మిరపచేలలో వంగి కాయలు కోసినామె మోకాళ్ళనూ ‘వయసు’ అని రాసి వదిలెయ్యకూడదు. ఏం పని చేశావమ్మా అని అడగాలి.

మన సంగతీ చెప్పుకోవాలి. ఎవరడిగినా ‘బాగానే ఉన్నాను నాయనా’ అంటాం. రాత్రి పడిన మాట కోడలి ముందు చెప్పం. ఆఫీసర్లుగా చేసినవాళ్ళయితే మరీనూ! (నవ్వులు) అలా దాస్తే పాపం ఆ పిల్లలు ఏం నేర్చుకుంటారు?

అందుకని నాదొక ప్రతిపాదన. ఒంటరిగా ఉంటున్న సభ్యుల జాబితా, వారి అంగీకారంతోనే, ప్రతి శాఖా తయారు చేయాలి. విద్యార్థులు వచ్చినప్పుడు మనలో ఒకరు వెంట వెళ్ళి పరిచయం చేయాలి. నర్సింగు విద్యార్థులనూ పిలవాలి. మంచాన పడినవారికి ఒళ్ళు పుండు పడకుండా పక్క మార్చడం వాళ్ళే బాగా చూపిస్తారు. 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వారానికొకసారి వృద్ధుల క్లినిక్ జరపాలని ఉంది. మీ ఊళ్ళో అది ఏ రోజో ఈ వారమే కనుక్కోండి.

పేరు ఇచ్చేవారు వీధి గుర్తుతో పాటు, రోజూ వేసుకునే మాత్రల పేర్లు కూడా రాసి కార్యదర్శిగారికి అందజేయండి.