సిగ్నల్ అందరికీ అందుతది, మాట మాత్రం ఒక్కరికే ఎట్ల?

ఇవ్వాళ్టి ఎపిసోడ్ ఒక కామెంట్‌తో మొదలైంది. జగిత్యాల నుంచి ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, మా నాన్న దుబాయ్‌ల ఉంటడు. రూంల అందరికీ ఒకటే వైఫై. సిగ్నల్ గోడలు దాటి కూడా పోతది కదా, మరి మేం మాట్లాడేది పక్కోడు వినలేడా?"

ఈ ప్రశ్న చదవంగనే నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది.

మాది కోరుట్ల. నా చిన్నప్పుడు మా నాన్న కూడా గల్ఫ్‌లనే ఉండె. ఇంట్లో ఫోన్ లేదు. శుక్రవారం నాన్నకు సెలవు, ఆ రోజు ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసేటోడు. అమ్మ నా చెయ్యి పట్టుకొని పోయేది. అద్దాల డబ్బా తలుపు సరిగ్గ పడేది కాదు, బయట లైన్ల పదిమంది. ఒకసారి నాన్న ఈ నెల జీతం రాలేదన్నడు. వీసా కోసం తెచ్చిన అప్పుకు మిత్తి ఎట్ల కట్టాలని అమ్మ అడిగింది. తెల్లారేసరికి వాడకట్టంత తెలిసింది. అప్పిచ్చినాయన పొద్దుగాలనే మా ఇంటి ముందట నిలబడ్డడు.

చూడండి, అక్కడ ఫోన్ లైన్‌ను ఎవరూ హ్యాక్ చేయలేదు. అమ్మ మాట గాల్లోకి పోయింది, చెవి ఉన్నోడు విన్నడు. వైర్‌లెస్ అంటే కూడా ఇంతే. రౌటర్ అయినా టవర్ అయినా రేడియో తరంగాలు వదుల్తది. అవి మీ ఫోన్‌కు, పక్కోడి ఫోన్‌కు రెండిటికీ తగుల్తయి.

దీనికి మనం ఇప్పుడు వాడేది తాళం, అంటే ఎన్‌క్రిప్షన్. పక్కోడికి సిగ్నల్ దొరుకుతది, కానీ తాళంచెవి లేక అర్థం కాదు. మంచి పద్ధతే. కాకపోతే ఒక లెక్క చాలా కష్టం, మామూలు కంప్యూటర్‌తో తేలదు అనే నమ్మకం మీద అది నిలబడ్డది. ఇంకో దారి ఉంది. పక్కోడికి అసలు మాటే సరిగ్గ అందకుండా చేయడం. దాన్నే ఫిజికల్ లేయర్ సెక్యూరిటీ అంటరు.

ఇది నాకు బీటెక్‌ల అర్థం కాలేదు, సిరిసిల్లల అర్థమైంది. మా మేనమామ అక్కడ సాంచాల షెడ్డుల పని చేసేటోడు. లోపలికి పోతే చెవులు గింగురుమంటయి. మామ పక్క మనిషి చెవి దగ్గర నోరు పెట్టి మామూలుగనే మాట్లాడేటోడు. ఆయనకు సాఫ్‌గ వినపడేది. రెండడుగుల దూరంల ఉన్న నాకు ఒక్క ముక్క అందేది కాదు. తాళం లేదు, కోడ్ భాష లేదు. వినాల్సినోడికి మాట పెద్దగ, మిగతావాళ్లకు రొద పెద్దగ. అంతే.

బెల్ ల్యాబ్స్‌ల ఆరన్ వైనర్ 1975లో ఇదే విషయాన్ని లెక్కల్లో నిరూపించిండు. చిన్న ఉదాహరణ చెప్తా. మీ ఫోన్‌కు సిగ్నల్ రొద కంటే 15 రెట్లు బలంగ వస్తుందనుకోండి. షానన్ సూత్రం ప్రకారం ఒక హెర్ట్జ్‌కు సెకనుకు 4 బిట్లు పంపొచ్చు. దొంగచాటుగ వినేటోడికి 3 రెట్లే వస్తే వాడికి దక్కేది 2 బిట్లు. 4లోంచి 2 తీసేస్తే మిగిలిన 2 బిట్లు రహస్యంగ పంపొచ్చు. ఎట్లంటే, అసలు మాటతో పాటు అర్థం లేని బిట్లు కూడా కలిపి పంపుతరు. వాడి సామర్థ్యం మొత్తం ఆ చెత్తకే ఖర్చయిపోతది. వాడి దగ్గర ఎంత పెద్ద కంప్యూటర్ ఉన్నా లాభం లేదు, ఎందుకంటే విప్పడానికి వాడి చేతికి మాటే అందలేదు.

కానీ చిక్కు ఎక్కడుందో చూసిండ్రా? వినేటోడు టవర్‌కు మీకంటే దగ్గర ఉంటే ఆ తీసివేతల మిగిలేది సున్నా. ఒక్క యాంటెన్నాతో దీనికి మందు దొరకడం కష్టం. ఎక్కువ యాంటెన్నాలు కావాల్సింది ఇక్కడే.

చెరువుల ఒకేసారి రెండు రాళ్లు వేయండి. అలలు కొన్నిచోట్ల కలిసి పెద్దగైతయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయి. 5జీ టవర్ల మీద 64 యాంటెన్నాల దాకా ఉంటయి. ఏ యాంటెన్నా నుంచి ఎప్పుడు ఎంత వదలాలో సర్దితే, అలలు మీ ఫోన్ దగ్గర కలుస్తయి. ఇది బీమ్‌ఫార్మింగ్. మన దగ్గర 5జీ నడిచే 3.5 గిగాహెర్ట్జ్‌ల అల పొడవు 9 సెంటీమీటర్ల లోపే. చుట్టూ గోడలు, సామాన్లు ఉన్నచోట ఒక జానెడు పక్కకు జరిగినా అలలు కలిసే తీరు మారిపోతది.

2008లో సతాషు గోయల్, రోహిత్ నేగి ఇంకో అడుగు ముందుకేసిండ్రు. టవర్ మాటతో పాటు కావాలనే రొద కూడా పంపుతది. ఆ రొద అలలు మీ ఫోన్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకునేటట్టు సర్దుతరు. మీకు మాట ఒక్కటే వినపడ్తది, మిగతా చోట్ల సాంచాల షెడ్డే! వినేటోడు ఎక్కడున్నడో టవర్‌కు తెలియాల్సిన పని కూడా లేదు.

ఈ యాంటెన్నాల పని ఎక్కడో అమెరికాలనే జరుగుతదనుకోకండి. 2022 మే 17న మొదలైన దేశీ 5జీ టెస్ట్‌బెడ్‌ను కట్టిన 8 సంస్థల్లో మన సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ ఒకటి.

అయితే ఫ్రెండ్స్, నిజం నిజంగనే చెప్పాలి. ఈ రొద కాపలా ఇంకా మన ఫోన్లలోకి రాలేదు. లోపాలున్నయి. వినేటోడు కూడా టవర్‌కు ఉన్నన్ని యాంటెన్నాలు పెట్టుకుంటే రొదను వేరు చేసేయగలడు. ఇంకోటి, మీరు ఎక్కడున్నరో టవర్‌కు తెలిసేది మీ ఫోన్ పంపే పైలట్ సిగ్నల్‌తోనే. దొంగ కూడా అదే పైలట్ పంపితే టవర్ మోసపోయి బీమ్‌ను వాడి దిక్కు కూడా తిప్పుతది. అందుకే ఇది తాళానికి బదులు కాదు. తాళం వేసిన ఇంటికి ప్రహరీ లాంటిది.

ఇప్పుడు జగిత్యాల తమ్ముడికి జవాబు. మీ నాన్న రూంల వైఫై డబ్ల్యూపీఏ2 అయితే, పాస్‌వర్డ్ తెలిసినోడు సరైన టైంల సిగ్నల్ పట్టుకుంటే వైఫై తాళం విప్పగలడు. రూంల అందరికీ పాస్‌వర్డ్ తెలుసు కదా! డబ్ల్యూపీఏ3ల ఈ బాధ లేదు, రౌటర్ సెట్టింగ్స్‌ల ఉందేమో చూడమను. వైఫై తాళం విప్పినా లోపల యాప్ తాళం ఇంకోటి ఉంటది. కాబట్టి కాల్ చేసే యాప్‌ల ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉందా లేదా చూసుకోండి. వాట్సాప్‌ల 2016 నుంచి ఉంది. పైసల సంగతి, బ్యాంకు పని ఉంటే రూం వైఫై బంద్ చేసి సొంత డేటా వాడమని చెప్పు.

చివరగా ఒక మాట. ఈ ఎపిసోడ్ స్క్రిప్ట్ రాసుకుంటుంటే అమ్మ అరుగు మీద కూసొని చెల్లెతోని వీడియో కాల్ మాట్లాడుతుంది. తాళం ఉంది, బీమ్ ఉంది, అన్నీ ఉన్నయి. కానీ స్పీకర్ ఆన్! వాడకట్టంత వింటుంది. "అమ్మా, జర స్పీకర్ బంద్ చెయ్యే" అన్న. "ఇప్పుడు అప్పు లేదు కదరా, విననీ" అని నవ్వింది.

మీ ఇంట్లో గల్ఫ్ నుంచి ఎవరైనా ఫోన్ చేస్తుంటే ఈ వీడియో వాళ్లకు పంపండి. రూంల రౌటర్ డబ్ల్యూపీఏ2నా, 3నా చూసి కామెంట్‌ల రాయండి. పాస్‌వర్డ్ మాత్రం రాయకండి! మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.