బండి భద్రత – చట్టము



బండికిని చట్టమునకును గల సంబంధము నేటిది కాదు. మనుధర్మశాస్త్రము, అష్టమాధ్యాయమున, బండి వలన కలుగు హానిని గూర్చి విచారించినది. ముకుత్రాడు తెగినను, కాడి విరిగినను, ఇరుసుగాని చక్రముగాని విరిగినను, తొలగుమని తోలువాడు కేక వేసినను దండనము లేదు. తోలువానికి నేర్పు లేక బండి త్రోవ తప్పి హాని చేసినచో యజమానికి 200 పణముల దండుగ. అనగా మనుష్యుని దోషమునకు శిక్ష కలదు. బండి దోషమునకు బాధ్యుడు లేడు.

ఆధునిక చట్టము ఆ లోటునే పూరించినది. వాహననిర్మాతలు భద్రతాప్రమాణములను పాటింపవలెనని 1966లో అమెరికా శాసించెను. 1970లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము కారులో సీటుబెల్టు ధరించుట తప్పనిసరి చేసెను. ముందుసీటువారి మరణములను ఆ పట్టీ ఇంచుమించు సగము తగ్గించును. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టమును 2019లో సవరించి, లోపముగల వాహనములను నిర్మాత వెనుకకు తీసికొనునట్లు ఆజ్ఞాపించు అధికారమును ప్రభుత్వమునకు కల్పించిరి. ఇరుసు విరిగినచో ఎవరిని అడుగవలెనో నేడు తెలియును.

అయినను కర్మాగారమున పుట్టిన భద్రత ఊరిబాటపై నిలువవలెను గదా! బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములలో పెక్కు బాటలు కాలువగట్లపైననే సాగును. ఒకవైపు నీరు, వేరొకవైపు పల్లపుచేను; తప్పుకొనుటకు చోటు లేదు. కార్తీక మార్గశిరములలో వరికోతలు; వేకువను మంచు. ధాన్యపు బస్తాలతో, వెనుకదీపము లేక, గట్టున నిలిచిన ట్రాక్టరు ట్రక్కు వెనుకవచ్చు మోటారుసైకిలువానికి కనబడునప్పటికి సమయము మించిపోవును. వెనుకభాగమున కాంతి పడగానే మెరయు ఎఱ్ఱబిళ్లలు ఉండవలెనని నిబంధన కలదు. వాని వెల బస్తాధాన్యపు వెలకు లోబడినదే.

2022లో దేశమున రోడ్డుప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 50,029 మంది హెల్మెట్టు లేక ద్విచక్రవాహనములపై పోయినవారు. హెల్మెట్టు మరణాపాయమును నూటికి 42 పాళ్లు తగ్గించును. పోలీసువానిని చూచి తలకెక్కి, అతడు కనుమరుగు కాగానే చేతికఱ్ఱకు వ్రేలాడు హెల్మెట్టు జరిమానాను తప్పించును గాని మృత్యువును తప్పింపదు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమకు ఒక పాఠము నేర్పినది. తరువాత తుపాను రక్షణభవనములు వెలసినవి. గాలి లేచిన పిమ్మట వానిని కట్టుటకు వీలులేదు. చట్టమును అట్టి రక్షణయే. ఆపదకు ముందే దానిలో చేరవలెను. కావున కొడవలి చేనిలో దిగుటకు మునుపే ప్రతి ట్రక్కునకు ఎఱ్ఱబిళ్లలు అమరుగాక! గడప దాటు ప్రతి కుఱ్ఱవాని హెల్మెట్టుపట్టీని ఇంటివారు చూచి బిగింతురుగాక! ఇల్లు చేరుటకంటె ప్రయాణమునకు వేరు ఫలము లేదు.