వంటయింటి పొగ

కర్మాగారముల పొగను గూర్చి సభలలో వినుచునే యున్నాము. వంటయింటి పొగను గూర్చి విచారించినవారు తక్కువ. అమెరికా దేశీయుడగు కర్క్ స్మిత్, మన దేశపు సహచరులతో గూడి, గుజరాతు పల్లెలలో వంటచేయు స్త్రీలు పీల్చు ధూళిని కొలిచి 1983లో ప్రకటించెను. ప్రపంచారోగ్యసంస్థ లెక్కనుబట్టి 2020లో ఈ పొగవలన 32 లక్షలమంది మరణించిరి. ఆ మసియే పైకెగసి, సూర్యరశ్మిని గ్రహించి, గాలికి వేడిమి హెచ్చించుచున్నది.

2016లో ఉజ్జ్వల పథకము పేదయింటికి గ్యాసుబండను తెచ్చినది, సంతోషమే. కాని యది ఖాళీయైన పిమ్మట రెండవదానికి రూకలెక్కడివి? ఆ తల్లి మరల పుల్లలేరుచున్నది. పొగ సగము తగ్గినంతమాత్రమున రోగము సగము తగ్గదని పరిశోధకులు చెప్పుచున్నారు. కావున ఏటేట నింపిన బండలనుబట్టియే ప్రభుత్వమువారు పథకపు జయమును లెక్కింపవలెనని మేమడుగుచున్నాము.