బండెక్కించుకున్నందుకు రైతుకు జరిమానా
(సంఘం శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



“కోర్టు ఉందిగా, అక్కడే తేలుతుందిలే” అనే మాట మన సమావేశాల్లో తరచూ వింటుంటాం. కోర్టుకు పోవద్దని మనం ఏనాడూ అనలేదు. కానీ చట్టమే అన్యాయంగా ఉన్నప్పుడు కోర్టు ఏం చేస్తుంది? అది తెలియాలంటే అమెరికాలో బానిసత్వం రద్దుకు ముందు నడిచిన కేసులు చూడాలి. అందులో ఒక రైతు కేసు కూడా ఉంది.

అక్కడ దక్షిణాది రాష్ట్రాల్లో బానిసత్వం ఉండేది, ఉత్తరాదిలో లేదు. పారిపోయి వచ్చిన మనిషిని యజమానికి అప్పగించాలని 1787లో రాసుకున్న రాజ్యాంగంలోనే పెట్టారు. అయితే అందులో బానిస అనే మాటే లేదు, పనికి కట్టుబడిన మనిషి అని రాశారు. రాసేటప్పుడు సిగ్గేసిందేమో! 1793లో దానికి చట్టం వచ్చింది. పారిపోయిన వాళ్లను దాచితే 500 డాలర్ల జరిమానా.

జాన్ వాన్ జాండ్ట్ ఒహాయో రాష్ట్రంలో రైతు. 1842 ఏప్రిల్‌లో సిన్సినాటి మార్కెట్లో సరుకు అమ్ముకుని తిరిగొస్తూ, కెంటకీ నుంచి పారిపోయి వచ్చిన తొమ్మిది మందిని బండెక్కించుకున్నాడు. దారిలో బండిని ఆపి ఎనిమిది మందిని పట్టుకుపోయారు, ఒకడు తప్పించుకున్నాడు. జోన్స్ అనే యజమాని రైతు మీద దావా వేశాడు.

రైతు తరఫున వాదించింది సాల్మన్ చేజ్. వీళ్లు ఫలానావాడి బానిసలని తన కక్షిదారుకు ఎవరూ నోటీసు ఇవ్వలేదనీ, ఒహాయో గడ్డ మీద కనపడిన మనిషిని స్వతంత్రుడనే అనుకోవాలనీ వాదించాడు. బానిసత్వమే న్యాయ విరుద్ధమనీ అన్నాడు. 1847లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. నోటీసు కాగితం అక్కర్లేదు, తెలిసి ఎక్కించుకుంటే చాలు నేరమే అంది. బానిసత్వం మంచిదా చెడ్డదా అన్నది రాజకీయ విషయం, రాజ్యాంగంలో ఏం రాసుంటే మేం అదే అమలు చేస్తాం అని చేతులు దులుపుకుంది. కేసుల్లో చితికిపోయిన వాన్ జాండ్ట్ ఆ ఏడే చనిపోయాడు.

జడ్జీలంతా బానిసత్వాన్ని ఇష్టపడేవాళ్లనుకుంటే పొరపాటు. 1842లో ప్రిగ్ కేసులో ప్రధాన తీర్పు రాసిన జోసెఫ్ స్టోరీకి అది గిట్టదు. మార్గరెట్ మోర్గాన్ అనే తల్లినీ ఆమె పిల్లల్నీ పెన్సిల్వేనియా నుంచి మేరీలాండ్‌కు ఎత్తుకుపోయిన కేసది. పిల్లల్లో స్వేచ్ఛా రాష్ట్రంలో పుట్టినవాళ్లూ ఉన్నారు. అయినా కిడ్నాప్ శిక్ష చెల్లదన్నారు. అదే తీర్పులో ఇంకో మాట ఉంది: అప్పగించే పని కేంద్రానిది, రాష్ట్ర అధికారులు చేసి తీరాలని బలవంతం లేదు. ఉత్తరాది జనం ఆ మాట పట్టుకున్నారు. మా జైళ్లూ మా అధికారులూ ఈ పనికి దొరకరని కొన్ని రాష్ట్రాల్లో చట్టాలు చేయించారు. ఆ సందు జడ్జి ఇచ్చిందే, కానీ పట్టుబట్టి పెద్దది చేసింది జనం.

దాంతో 1850లో ఇంకా కఠినమైన చట్టం తెచ్చారు. పట్టుబడిన మనిషి సాక్ష్యం చెల్లదు, జ్యూరీ లేదు. విచారించే కమిషనర్‌కు అప్పగిస్తే 10 డాలర్లు, వదిలేస్తే 5 డాలర్లు. అప్పగింతకు కాగితాల పని ఎక్కువని సాకు చెప్పారు. సాయం చేసినవాడికి 1,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు.

1854 మార్చిలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో జాషువా గ్లోవర్‌ను జైల్లో పెడితే జనం తలుపులు బద్దలుకొట్టి బయటికి తెచ్చారు. అతను కెనడా చేరాడు. జనాన్ని కదిలించిన పత్రికా సంపాదకుడు షెర్మన్ బూత్ మీద కేసు పెట్టారు. 1850 చట్టం చెల్లదని విస్కాన్సిన్ సుప్రీంకోర్టు ధైర్యంగా చెప్పింది. 1859లో టానీ నాయకత్వంలోని దేశ సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కానీ గ్లోవర్‌ను మాత్రం ఎవరూ వెనక్కి తేలేకపోయారు.

ఈ చట్టాలను ఆ సుప్రీంకోర్టు ఎన్నడూ కొట్టేయలేదు. అంతర్యుద్ధం నడుస్తుండగా 1864 జూన్‌లో అక్కడి పార్లమెంటు రద్దు చేసింది. ఆ అక్టోబరులో టానీ చనిపోయాడు. డిసెంబరులో ఆ కుర్చీలో కూర్చున్నది వాన్ జాండ్ట్ వకీలు సాల్మన్ చేజ్.