ఫెలనీ అంటే ఎన్నేళ్లు? క్లాసుల లెక్క తెలుసుకుందాం

ఆత్రేయపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు పూతరేకుల కబుర్లు కాదండోయ్, కొంచెం సీరియస్ టాపిక్.

2024 మార్చిలో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో ఇద్దరు తెలుగు విద్యార్థినుల్ని అరెస్టు చేశారు. సూపర్ మార్కెట్లో కొన్ని సరుకులకి డబ్బు కట్టలేదని ఆరోపణ. అలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న, "అన్నా, అది ఫెలనీయా? ఎన్నేళ్లు పడుద్ది?" అని.

అమెరికాలో ఏడాది కంటే ఎక్కువ జైలు పడే వీలున్న నేరాన్ని ఫెలనీ అంటారు. అంతకంటే చిన్నది మిస్‌డిమీనర్. ఫెడరల్ చట్టంలో ఫెలనీలకి ఏ నుంచి ఈ దాకా క్లాసులున్నాయి. మరణశిక్ష, యావజ్జీవం ఉంటే ఏ. 25 ఏళ్లు, ఆపైన అయితే బీ. 10 నుంచి 25 లోపు సీ. 5 నుంచి 10 లోపు డీ. ఏడాది దాటి 5 లోపు ఈ. ఇదంతా గరిష్ఠ శిక్షని బట్టి కట్టిన లెక్క. జడ్జిగారు వేసేది వేరే.

2019 జనవరి నాటి ఫార్మింగ్టన్ కేసు గుర్తుందా? మిషిగన్‌లో ప్రభుత్వమే పెట్టిన దొంగ యూనివర్సిటీ. విద్యార్థుల్ని చేర్పించారని ఎనిమిది మంది మీద వీసా మోసం కుట్ర కేసు పెట్టారు. దానికి గరిష్ఠం 5 ఏళ్లు, అంటే క్లాస్ డీ. కానీ వాళ్లలో కొందరికి పడింది ఏడాది, ఏడాదిన్నరే. ఇంకో తమాషా, మొదట పట్టుకున్న సుమారు 130 మంది విద్యార్థుల మీద అసలు క్రిమినల్ కేసే లేదు, ఇమ్మిగ్రేషన్ కేసు. అయినా చాలామంది పెట్టె సర్దుకుని వచ్చేయాల్సి వచ్చింది!

ఇక రాష్ట్రాలు. ఎవరి మెట్లు వాళ్లవి. న్యూజెర్సీ వాళ్లు ఫెలనీ అనే మాటే వాడరు, డిగ్రీలంటారు. షాపులో దొంగతనం విలువ 200 డాలర్ల లోపు అయితే అది డిగ్రీల లెక్కలోకే రాదు, 6 నెలల లోపు శిక్ష. 200 నుంచి 500 దాకా నాలుగో డిగ్రీ, 18 నెలల దాకా. 500 దాటితే మూడో డిగ్రీ, 3 నుంచి 5 ఏళ్లు. చూడండి, ట్రాలీలో ఇంకో రెండు వస్తువులు పడితే మెట్టు మారిపోతుంది.

మన దగ్గరా కాస్త ఇలాగే ఉంది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మామూలు దొంగతనానికి 3 ఏళ్ల దాకా జైలు. కానీ సొత్తు విలువ 5 వేల లోపు ఉండి, మొదటిసారి దోషిగా తేలి, సొత్తో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవే శిక్ష. మనకి ఏ, బీ అక్షరాలు లేవు గానీ, వారంట్ లేకుండా అరెస్టు చేయొచ్చా, బెయిల్ హక్కా కాదా అనేది చట్టం చివర పట్టికలో ఉంటుంది. నాన్‌బెయిలబుల్ అంటే బెయిల్ రాదని కాదండి, ఇవ్వాలా వద్దా అనేది కోర్టు చూస్తుందని.

అసలు చిక్కు వీసాతో. దొంగతనం కేసులో ఏడాది శిక్ష వేసి, దాన్ని సస్పెండ్ చేసి ఇంటికి పంపేసినా, ఇమ్మిగ్రేషన్ చట్టం దాన్ని పెద్ద ఫెలనీ కిందే లెక్కేస్తుంది. రాష్ట్రం దానికి ఏ పేరు పెట్టినా సరే. వీసా ఫారంలో "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అని కూడా అడుగుతారు, శిక్ష ఒక్కటే కాదు.

అందుకే "ఒప్పేసుకో, ఫైన్ కట్టి వచ్చేయ్" అని ఎవరైనా అంటే సంతకం పెట్టే ముందు లాయర్ని అడగండి, దీనివల్ల నన్ను పంపించేస్తారా అని. 2010లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది, ఆ సంగతి చెప్పడం మీ డిఫెన్స్ లాయర్ బాధ్యతని. అక్కడ చదివే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఈ వీడియో పంపండి. డౌట్లుంటే కింద రాయండి, ఉంటాను.