ఓడ ఎక్కడానికి ముందు మూడు రోజులు
(మన సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక సీనియర్ సభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



"యూరప్ ఓడ ప్రయాణం చేసి వచ్చారు గదా, ఆ విశేషాలు నాలుగు మాటల్లో చెప్పండి" అని కార్యదర్శిగారు కోరారు. నేను 1972లో కలెక్టరాఫీసులో గుమాస్తాగా చేరి, ముప్పయ్యేడేళ్ళు ఫైళ్ళతో కాపురం చేసి, 2009లో రిటైరైనవాణ్ణి. ఉపన్యాసాలు నాకు రావు. విషయం ఏమిటి, కాగితాలేమిటి, చేయవలసినదేమిటి అని నోటు పెట్టడం మాత్రం వచ్చు. ఆ పద్ధతిలోనే చెబుతాను.

ఓడలో ఎన్ని అంతస్తులున్నాయి, ఎన్ని రకాల వంటలు పెడతారు అన్నది కంపెనీవారి రంగుల పుస్తకంలో ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది ఓడ ఎక్కడానికి ముందు గడిపిన మూడు రోజుల సంగతి. మన వయసువారికి ప్రయాణం సవ్యంగా సాగేదీ, చెడేదీ ఆ రోజుల్లోనే అని నా అభిప్రాయం.

ముందుగా, ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నామో చెప్పాలి. పదిహేనేళ్ళు గడిచి నా కమ్యూటేషన్ భాగం తిరిగి పెన్షన్‌లో కలిసింది. ఆ డబ్బు ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. "ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయండి" అన్నారు మా తమ్ముడు. "ఈ వయసులో సముద్రాలేమిటి, ఏదైనా అయితే ఎవరు చూస్తారు?" అన్నారు వియ్యంకులు. మా ఆవిడ అంతా విని, "పెళ్ళయి నలభై తొమ్మిదేళ్ళు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వెళ్ళడం తప్ప నేను నీళ్ళ మీద ఎక్కడికీ వెళ్ళలేదు. మోకాళ్ళు పనిచేస్తున్నప్పుడే వెళ్ళాలి" అన్నది. ఆవిడకు అప్పటికి 69. ఒక మోకాలికి ఆపరేషన్ అయింది. షుగరుకు ఇన్సులిన్ వాడుతుంది. నాకు 73, బి.పి. ఉంది. ఆవిడ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది. ఖర్చు ఇద్దరికీ కలిపి ఐదు లక్షల పైచిలుకు అయింది. పిల్లలను రూపాయి అడగలేదు. అప్పు చేయలేదు.

ఓడ స్పెయిన్‌లోని బార్సిలోనా నుండి 2025 ఏప్రిల్ 29 మంగళవారం సాయంత్రం బయలుదేరుతుంది. ఫ్రాన్సు, ఇటలీ, మాల్టా రేవులు చూపించి ఏడు రాత్రుల తర్వాత మళ్ళీ అక్కడికే తెస్తుంది. ఈ నాలుగు దేశాలకూ షెంగెన్ వీసా ఒక్కటి చాలు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికి దరఖాస్తు పెట్టాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి, కనీసం పదిహేను రోజుల ముందు వరకు తీసుకుంటారు. పెద్దలకు వీసా రుసుము 2024 జూన్ నుండి 90 యూరోలు. దరఖాస్తు కేంద్రంవారి చార్జీలు వేరు. ముప్పయి వేల యూరోలకు తగ్గని వైద్య బీమా ఉండాలి. పాస్‌పోర్టు పదేళ్ళ లోపు ఇచ్చినదై, తిరిగి వచ్చే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లుబాటు కావాలి. పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు, బ్యాంకు స్టేట్‌మెంట్లు జతపరిచాను. బీమా పత్రంలో మా ఆవిడ షుగరునూ, నా బి.పి.నీ దాచకుండా రాయించాను. ప్రీమియం కొంత పెరిగింది. కాని దాచిన జబ్బుకు క్లెయిమ్ రాదన్న సంగతి మనలో రీయింబర్స్‌మెంట్ ఫైళ్ళు చూసినవారందరికీ తెలుసు.

ఇక అసలు విషయం. టికెట్లు చేసిన ఏజెంటు "29 ఉదయం దిగే విమానం ఉంది, హోటల్ ఖర్చు కలిసివస్తుంది" అన్నాడు. మా ఆవిడ ఒప్పుకోలేదు. "రేవుకు ముందే చేరి కూర్చున్నవాళ్ళకు పంటు తప్పదు. అయినా పంటువాడు కేకేస్తే ఆగుతాడు, ఇంత ఓడ మనకోసం ఆగుతుందా?" అన్నది. ఆగదు. ఓడ కదిలే వేళకు గంట, గంటన్నర ముందే ఎక్కించుకోవడం ఆపేస్తారు. ఆ తర్వాత వచ్చినవారికి సొంత ఖర్చుతో తర్వాతి రేవుకు పోయి అందుకోవడమే గతి. అందుచేత 26వ తేదీ శనివారానికే చేరేటట్టు టికెట్లు తీయించాను. మూడు రాత్రుల హోటల్ ఖర్చు పెరిగింది.

26 మధ్యాహ్నం దిగాము. స్పెయిన్ టైము ఎండాకాలంలో మనకంటే మూడున్నర గంటలు వెనుక. ఆ పూట భోంచేసి పడుకోవడం తప్ప ఏ పనీ పెట్టుకోలేదు. మాత్రలు, ఇన్సులిన్ ఏ టైముకు వేసుకోవాలో మన డాక్టరుగారు రెండు గడియారాల ప్రకారం కాగితం మీద రాసి ఇచ్చారు. దాన్నే పాటించాము.

27 ఆదివారం సగ్రద ఫమీలియా చర్చికి వెళ్ళాము. దాని కట్టడం 1882లో మొదలైంది. మరుసటి ఏడు గౌడీ అనే వాస్తుశిల్పి బాధ్యత తీసుకుని, జీవితాంతం అదే పనిలో ఉన్నాడు. 1926లో ట్రాము గుద్దుకుని చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 73, సరిగ్గా అక్కడ నిలబడ్డనాటి నా వయసు. సమాధి ఆ చర్చి అడుగునే ఉంది. విరాళాలతో, టికెట్ల సొమ్ముతో పని ఇంకా సాగుతూనే ఉంది. 2025 అక్టోబరులో ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చర్చి అయిందని తర్వాత పేపర్లో చదివాను. లోపల స్తంభాలు చెట్ల మానుల్లాగా పైకి పోయి కొమ్మలు వేసినట్టు ఉంటాయి. రంగుటద్దాల వెలుగులో మా ఆవిడ బల్ల మీద కూర్చుని అరగంట లేవలేదు. సాయంత్రం రాంబ్లా వీధి చివర, 1888లో నిలబెట్టిన కొలంబస్ స్తంభం దాకా వెళ్ళి, ఓడరేవుకు బస్సు ఎక్కడ ఎక్కాలో కనుక్కుని వచ్చాము. ఆ వీధిలో జేబుదొంగలు ఎక్కువ. పాస్‌పోర్టులు చొక్కా లోపలి సంచీలో పెట్టుకున్నాను.

28 సోమవారం. మధ్యాహ్నం 12 గంటల 33 నిమిషాలకు కరెంటు పోయింది. మనకు కరెంటు పోవడం కొత్త కాదు గనుక నేను పట్టించుకోలేదు. కాసేపటికి తెలిసింది, పోయింది మా హోటల్‌లో కాదు, స్పెయిన్, పోర్చుగల్ దేశాలు రెండింటిలో! మెట్రో రైళ్ళు సొరంగాల్లో ఆగాయి. వీధుల్లో సిగ్నళ్ళు ఆరిపోయాయి. దూరపు రైళ్ళు పట్టాల మీదే నిలిచిపోయాయి. కొద్దిసేపట్లో సెల్ ఫోన్లు కూడా మూగపోయాయి.

మేము హోటల్ కింది హాలులో ఉన్నాము. గది మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. మా ఆవిడ మోకాలితో మూడు అంతస్తులు ఎక్కలేదు. కాని మందుల సంచీ గదిలో లేదు, ఆవిడ భుజానే ఉంది. హైదరాబాదులో బయలుదేరింది మొదలు ఆ సంచీని ఆవిడ ఒక్క గంట కూడా వదలలేదు. వాడకంలో ఉన్న ఇన్సులిన్ పెన్ను ఫ్రిజ్ లేకపోయినా ఫరవాలేదనీ, రకాన్ని బట్టి నాలుగు వారాల వరకు ఎండ తగలకుండా మామూలు గదిలో ఉంచవచ్చనీ డాక్టరుగారు ముందే చెప్పి ఉన్నారు. ఇన్సులిన్ ఉంది, సరే. వేసుకుంటే వేళకు తిండి పడాలి గదా! లేకపోతే షుగర్ పడిపోతుంది. హోటల్ వంటగది ఆగిపోయింది. నేను వీధి చివర చిన్న కొట్టుకు వెళ్ళాను. బయట పెద్ద వరుస. కార్డు యంత్రాలు పనిచేయక చాలామంది వట్టి చేతులతో తిరిగిపోతున్నారు. నా దగ్గర చిల్లర యూరో నోట్లు ఉన్నాయి. అరటిపళ్ళు, రొట్టె, పాలు, మంచినీళ్ళు తెచ్చాను. ఆ పూట మాకు అవే పరమాన్నం.

అక్కడ కరెంటు పోయినప్పుడు మనకు సాయంత్రం నాలుగు గంటల మూడు నిమిషాలు. టీవీలో వార్త చూసి మా అబ్బాయి కంగారు పడే సమయం. అయితే బయలుదేరేముందే వాడితో ఒక ఏర్పాటు చేసుకున్నాము. రోజుకొక మెసేజి పంపుతాము. అందకపోతే ఇరవై నాలుగు గంటలు ఓపిక పట్టాలి. ఆపైన హోటల్‌కు, తర్వాత బీమావారికి ఫోన్ చేయాలి. ఆ నెంబర్లన్నీ కాగితం మీద రాసి వాడి ఇంట్లో ఫ్రిజ్‌కు అంటించి వచ్చాను. వాడు ఓపిక పట్టాడు.

హాలులో కూర్చున్నవారిలో కొందరి మర్నాటి టికెట్లు, ఓడ పాసులు అన్నీ ఫోన్లలోనే ఉన్నాయి. చార్జింగ్ అయిపోతోందని వారి ఆదుర్దా. నా దగ్గర ఫైలు ఉంది. పేజీ నెంబర్లు వేసి, పైన సూచిక పెట్టి, ప్రతి కాగితానికి రెండేసి నకళ్ళు. సర్వీసులో ఉన్న రోజుల్లో నా ఫైళ్ళ మీద ఎన్ని జోకులు వేసేవారో ఇక్కడ ఉన్న మిత్రులు కొందరికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. కరెంటు పోయినా కాగితం పనిచేస్తుంది, అంతే నేను చెప్పగలిగింది.

రాత్రి తొమ్మిది దాటాక మా వీధికి కరెంటు వచ్చింది. వీధిలో జనం చప్పట్లు కొట్టారు. మరుసటి ఉదయానికి దేశమంతటా దాదాపు పూర్తిగా పునరుద్ధరించారు. మంగళవారం మధ్యాహ్నానికి మేము తాపీగా టెర్మినల్ చేరాము.

ఓడలో పూణే నుండి వచ్చిన రిటైర్డు ఉపాధ్యాయ దంపతులు పరిచయమయ్యారు. వారు సోమవారం మధ్యాహ్నం మాడ్రిడ్‌లో రైలెక్కి సాయంత్రానికి బార్సిలోనా చేరవలసినవారు. రైళ్ళు ఆగిపోవడంతో రాత్రంతా మాడ్రిడ్ స్టేషన్‌లో కుర్చీల మీద గడిపి, తెల్లవారి రైలు దొరికించుకుని, ఎక్కించుకోవడం ఆపేయడానికి కొద్ది నిమిషాల ముందు పరుగున వచ్చారట. ఆవిడ బి.పి. మాత్రలు మరో సూట్‌కేసులో ఉండిపోయాయి. రెండు రోజులు ఓడ డాక్టరు చుట్టూ తిరిగారు. ఆ కాలమంతా వారు సముద్రం వంకే చూడలేదు. పాపం, వారు చేసిన తప్పేమీ లేదు. ఇరవై నాలుగు గంటల వ్యవధి ఉందనుకున్నారు, అంతే. కుర్రవాళ్ళకది చాలు. మనకు చాలదు.

ఓడ ఎక్కగానే మొదట చేయించినది భద్రతా కసరత్తు. ఆపద వస్తే ఎక్కడ చేరాలో చూపించి, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో నేర్పారు. 2012 జనవరి 13న ఇటలీలో కోస్టా కాంకోర్డియా అనే ఓడ రాయిని గుద్దుకుని ఒరిగింది. 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందలాదిమందికి అప్పటికి ఈ కసరత్తు జరగలేదు. ఓడ కదిలేముందు గాని, కదిలిన వెంటనే గాని ఇది చేయించి తీరాలన్న నిబంధన ఆ తర్వాత వచ్చింది. కొందరు విసుక్కుంటూ నిలబడ్డారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మన గోదావరిలో బోటు మునిగిన సంగతి మరవని మేమిద్దరం మాత్రం జాకెట్ పట్టీలు రెండుసార్లు కట్టి విప్పి చూసుకున్నాము.

ఆపైన ఏడు రాత్రులూ హాయిగా గడిచాయి. మార్సే, జెనోవా చూశాము. మే 2న చివితవెక్కియా రేవులో దిగి రోము వెళ్ళాము. పోప్ ఫ్రాన్సిస్ గారు ఏప్రిల్ 21న కాలం చేశారు. కొత్త పోప్ ఎన్నిక కోసం సిస్టైన్ చాపెల్‌ను మూసివేశారు. ఎన్నిక ఫలితాన్ని పొగతో తెలిపే గొట్టాన్ని ఆ పైకప్పు మీద అమర్చినది ఆరోజే. నేపుల్స్‌లో వెసూవియస్ పర్వతం చూశాము. శాకాహారం కావాలని బుకింగ్‌లోనే రాయించాము గనుక పప్పు, అన్నం రోజూ దొరికాయి. మా ఆవిడ ప్రతి ఉదయం సూర్యోదయానికి పై అంతస్తు చేరి రెయిలింగ్ పట్టుకుని నిలబడేది. ఏం చూస్తున్నావని నేను అడగలేదు.

వెళ్ళదలచినవారికి నా సూచనలు ఇవి.

1. ఓడకు కనీసం రెండు, వీలైతే మూడు రోజుల ముందు ఆ ఊరు చేరండి. దాన్ని దండుగ ఖర్చు అనుకోవద్దు.

2. మందులు పెట్టెలో వేయవద్దు. ఓడ ఎక్కేటప్పుడు పెట్టెలు తీసుకుని కొన్ని గంటల తర్వాత గదికి చేరుస్తారు. మందులు, డాక్టరు చీటీ, పాస్‌పోర్టు చేతిసంచీలో ఉండాలి. వారం రోజులకు అదనంగా తీసుకోండి.

3. కార్డు ఎంత ఉన్నా, రెండు రోజుల తిండికి సరిపడా చిల్లర యూరోలు దగ్గర ఉంచుకోండి.

4. హోటల్, టెర్మినల్ చిరునామాలు కాగితం మీద రాసుకోండి. అక్కడ ఆపదకు నెంబరు 112.

5. 2025 అక్టోబరు నుండి యూరప్ సరిహద్దుల్లో మనవంటి విదేశీయుల వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి దశలవారీగా మొదలైంది. వరుసలో నిలబడవలసి రావచ్చు. వీల్‌చైరు సాయం విమాన టికెట్‌తోపాటే అడగండి. అందులో నామోషీ ఏమీ లేదు.

6. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవలసిన నెలల్లో ప్రయాణం పెట్టుకోవద్దు.

మిత్రులారా, పొదుపు చేయడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. మనం నేర్చుకోవలసినది ఖర్చు పెట్టడం, అదీ ఇద్దరమూ ఉన్నప్పుడు. ఓడే ఎక్కాలని లేదు. కాశీ కావచ్చు, కన్యాకుమారి కావచ్చు. ఇంటావిడను ఒకసారి "నీకెక్కడికి వెళ్ళాలని ఉంది?" అని అడగండి. జవాబు వినడానికి తీరిక పెట్టుకోండి.

పాస్‌పోర్టు, వీసా కాగితాలలో సందేహాలున్నవారు మన సంఘ కార్యాలయానికి ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం రండి. నేనక్కడ ఉంటాను, నా ఫైలు కూడా ఉంటుంది.